పాత కారు టెంపరేచర్ ముల్లు: అపోహలు - వాస్తవాలు

మార్కాపురంలో మా షెడ్డుకు వేసవిలో వచ్చే మారుతి 800, అంబాసిడర్, పద్మిని కార్ల యజమానులు ఎక్కువగా అడిగేది టెంపరేచర్ ముల్లు గురించే. ఆ ముల్లు ఇంజిన్ మొత్తం వేడిని చూపుతుందని దాదాపు అందరూ అనుకుంటారు. నిజానికి అది చూపేది ఒకే ఒక చోట బిగించి ఉన్న, వేడిని పసిగట్టే సెండర్ అనే చిన్న భాగాన్ని ఆ క్షణాన తాకుతున్న నీటి వేడిని మాత్రమే. వేడి పెరిగే కొద్దీ సెండర్ విద్యుత్ నిరోధం తగ్గి, మీటరులో కరెంటు ఎక్కువగా పారి, ముల్లు పైకి లేస్తుంది.

అపోహ: ముల్లు కిందికి దిగిందంటే ఇంజిన్ చల్లబడినట్టే.

నేను చూసినంతలో యజమానులకు ఎక్కువ ఖర్చు తెచ్చిపెట్టిన అపోహ ఇదే. శ్రీశైలం నుంచి తిరిగి వస్తూ దోర్నాల దాటాక ఆగిపోయిన ఒక మారుతి 800ను ఒక మే నెల మధ్యాహ్నం తాడు కట్టి మా షెడ్డుకు లాక్కొచ్చారు. "ముల్లు పైకి లేచి, మళ్లీ తనంతట తానే దిగిపోయిందండీ, సర్దుకుందనుకుని ఆపలేదు" అన్నారు యజమాని. రేడియేటర్ కింది గొట్టం చీలి నీళ్లన్నీ రోడ్డు మీదే కారిపోయాయి. నీళ్లు లేని చోట సెండర్‌కు తగిలేది గాలి, ఆవిరి మాత్రమే. అవి నీటిలా వేడిని అందించలేవు కాబట్టి, లోపల హెడ్డు (సిలిండర్ల పై మూత) కాలిపోతున్నా ముల్లు కిందికి వాలిపోయింది. హెడ్డు విప్పి దాని మీద ఇనుప పట్టీ నిలబెట్టి చూస్తే, మధ్య సిలిండర్ దగ్గర సందును కొలిచే ఫీలర్ గేజ్‌లోని 0.20 మిల్లీమీటర్ల ఆకు అడ్డం లేకుండా దూరిపోయింది. అల్యూమినియం హెడ్డు అంత వంగాక గ్యాస్కెట్ మార్చి బిగిస్తే నిలవదు, ముందు చదును చేయించాల్సిందే. అందుకే పైకి లేచిన ముల్లు కారణం లేకుండా హఠాత్తుగా పడిపోతే, వేడి గుర్తయిన హెచ్ వైపు చేరినప్పటికన్నా ఎక్కువ భయపడి, వెంటనే ఇంజిన్ ఆపాలి.

అపోహ: ముల్లు ఎప్పుడూ మధ్యలో కదలకుండా ఉండాలి.

ఈ అంచనా కొత్త కార్ల నుంచి వచ్చింది. వాటిలో చాలావాటికి, నీటి వేడి కొంత పరిధిలో అటూ ఇటూ మారినా ముల్లు మధ్యలోనే నిలబడేలా కంపెనీలే అమర్చాయి. పాత కారు ముల్లుకు ఆ నాగరికత తెలియదు. ఘాట్ ఎక్కేటప్పుడు కాస్త లేస్తుంది, దిగేటప్పుడు తగ్గుతుంది, ట్రాఫిక్‌లో ఫ్యాన్ తిరిగేదాకా పెరుగుతుంది. టీ తాగడానికి పది నిమిషాలు ఆపి మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు ఒక గీత ఎక్కువ చూపినా కంగారు పడనక్కరలేదు. నీళ్లు తిప్పే పంపు ఆగిపోవడంతో నిలిచిన నీళ్లలోకి హెడ్డు వేడి దిగింది, అంతే. ముల్లు ఎక్కడ ఉందన్నదానికన్నా ఎప్పుడు పెరుగుతోందన్నది ముఖ్యం. ఆగి ఉన్నప్పుడు పెరిగి, బండి కదలగానే తగ్గితే ఫ్యాన్‌ను అనుమానించాలి. హైవే మీద వేగంగా పోతున్నప్పుడు పెరిగితే మొదట రేడియేటర్ పూడికను, తర్వాత వాటర్ పంపును చూడాలి.

అపోహ: మన ఎండలకు థర్మోస్టాట్ అక్కరలేదు, పీకేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుంది.

ఈ సలహా ఇచ్చేది మా వృత్తివారే కావడం నాకు సిగ్గుగా ఉంటుంది. సాధారణంగా 82 లేదా 88 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టి, నీళ్లను రేడియేటర్‌కు వదిలే ఆ వాల్వ్‌ను తీసేస్తే, ఇంజిన్ తగిన వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది, ఆవిరి కాని పెట్రోలు ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది, మైలేజీ పడిపోతుంది. కొన్ని ఇంజిన్లలో ఈ వాల్వ్ తెరుచుకుంటూనే తన అడుగు బిళ్లతో అడ్డదారి రంధ్రాన్ని మూస్తుంది. అలాంటి చోట వాల్వ్ లేకపోతే వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే వెనక్కి వస్తుంది కాబట్టి, చల్లదనం కోసం చేసిన పని వేడినే పెంచుతుంది. వాల్వ్ మీద అనుమానం ఉంటే దాని మూత అంచులో దారం ఇరికించి, థర్మామీటర్ పెట్టిన గిన్నె నీళ్లలో వేలాడదీసి, పొయ్యి మీద పెట్టండి. మూత తెరుచుకున్న క్షణాన దారం వదిలి వాల్వ్ అడుగున పడుతుంది. అప్పటి అంకె వాల్వ్ మీద ముద్రించిన అంకెకు దగ్గరగా ఉంటే అది బాగున్నట్టే.

అపోహ: ముల్లు హెచ్ చూపితే ఇంజిన్‌దే తప్పు.

ముందు పెట్రోలు ముల్లును కూడా చూడండి. చాలా పాత కార్లలో ఈ రెండు మీటర్లకూ వోల్టేజీని నిలకడగా ఉంచే ఒకే స్టెబిలైజర్ నుంచి కరెంటు వస్తుంది. సగం ట్యాంకుకే పెట్రోలు ముల్లు నిండుగా చూపుతుంటే తప్పు స్టెబిలైజర్‌దే కావచ్చు. ఒకే తీగ ఉన్న సెండర్ అయితే, ఇగ్నిషన్ ఆన్ చేసి తీగ ఊడదీసినప్పుడు ముల్లు చల్లదనం గుర్తయిన సి దగ్గరకు పడాలి, ఆ తీగను ఒక్క క్షణం ఇంజిన్ ఇనుముకు తాకిస్తే హెచ్ వైపు కదలాలి. రెండూ జరిగితే మీటరు, తీగ మంచివే. కొత్త సెండర్ మరల మీద టెఫ్లాన్ టేపు మందంగా చుట్టితే ఎర్త్ సరిగా అందక వేడి తక్కువగా చూపుతుంది.

రేడియేటర్‌లో పోసే కూలెంట్ ద్రవం చలి దేశాలకే అన్న మాట కూడా తప్పే. వేడిని మోయడంలో ఉత్త నీళ్లు కూలెంట్ కన్నా మెరుగన్నది నిజమే గానీ, మా ప్రాంతపు బోరు నీళ్లు పోస్తే రేడియేటర్ గొట్టాల్లో తెల్లటి చట్టు కడుతుంది. తుప్పు దానికి తోడు. కూలెంట్ తుప్పును ఆపుతుంది, మరిగే స్థానాన్ని పెంచుతుంది. రేడియేటర్ మూత కూడా లోపల ఒత్తిడిని నిలిపి మరిగే స్థానాన్ని పెంచుతుంది: 0.9 అని ముద్రించిన మంచి మూత ఉంటే ఉత్త నీళ్లు సైతం దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. ఆ ఒత్తిడిలో మూత తిప్పితే నీళ్లు ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతాయి, కాబట్టి పై గొట్టం చేతికి చల్లగా, మెత్తగా తగిలేదాకా ఆగాలి.

కరెంటు ఫ్యాన్ ఉన్న కారుకు నేను చెప్పే పద్ధతి ఒకటుంది. ఏసీ ఆపి, నీళ్లు నిండుగా ఉన్నాయని చూసుకుని, బండిని నిలబెట్టి ఇంజిన్ నడవనివ్వండి. ఫ్యాన్ మొదలైన క్షణాన, ఆగిన క్షణాన ముల్లును ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ఫ్యాన్ స్విచ్ మీటరుతో సంబంధం లేకుండా తానే నీటి వేడిని కొలుచుకుంటుంది కాబట్టి, ఆ రెండు ఫోటోల మధ్య దూరమే బండి ఆగి ఉన్నప్పుడు మీ కారు ముల్లుకు మామూలు చోటు.