మొదటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం: మన గోదావరి ఊళ్ళలో తిరిగే అపోహలు, అసలు సంగతులు

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి భీమవరం, పాలకొల్లు, అమలాపురం వచ్చే బస్సుల్లో ఎంతమంది సాఫ్ట్‌వేర్ వాళ్ళుంటారో చెప్పక్కర్లేదు. పండగ మూడు రోజులూ వాళ్ళ చుట్టూ ఒకటే టాపిక్: "మావాడి సంగతేంటి?" నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో టీమ్ లీడ్‌ని, ఫ్రెషర్లకు టెక్నికల్ ఇంటర్వ్యూలు చేస్తుంటాను. సొంతూరు పాలకొల్లు పక్కనే. అరుగుల మీదా కాలేజీ క్యాంటీన్లలోనూ ఉద్యోగాల గురించి వినపడే మాటలకూ, ఇంటర్వ్యూలో నిజంగా జరిగేదానికీ చాలా దూరం. ఎక్కువగా వినపడేవి కొన్ని రాస్తున్నాను.

అపోహ: లోపల మనవాడుంటే ఉద్యోగం వచ్చేస్తుంది

"ఏరా అబ్బాయ్, మా చిన్నోణ్ణి కూడా మీ కంపెనీలో పెట్టించెయ్యరా." ఈ మాట అనేది ఎక్కువగా బాబాయిలూ, మావయ్యలూ. కాదంటే పొగరనుకుంటారు, అవునంటే అబద్ధం.

వాస్తవం: రిఫరల్ అంటే కంపెనీ పోర్టల్‌లో మీ రెజ్యూమేని నా పేరు మీద ఎక్కించడం. అక్కడితో నా చెయ్యి ఆగిపోతుంది. అది రిక్రూటర్‌కు వెళ్తుంది, ఆయన చూస్తాడు. గుట్టలో అడుగున పడకుండా పైకి రావడమే దాని లాభం. ఆ తర్వాత పరీక్షా, ఇంటర్వ్యూలూ అందరితో పాటే. ఇంటర్వ్యూ చేసేవాడికి మిమ్మల్ని రిఫర్ చేసింది ఎవరో సాధారణంగా తెలియదు, తెలిసినా మార్కులు వెయ్యడు. పైగా పెద్ద సర్వీస్ కంపెనీలు ఫ్రెషర్లను ఎక్కువగా క్యాంపస్‌ల నుంచీ, టీసీఎస్ ఎన్‌క్యూటీ లాంటి పరీక్షల నుంచీ తీసుకుంటాయి. ఆ దారిలో బంధుత్వానికి చోటే లేదు.

మరి రిఫరల్ ఎక్కడ పనికొస్తుంది? చిన్న, మధ్యస్థ కంపెనీల్లో. అదీ ఉద్యోగం నంబరు, లింకు, ఒక పేజీ రెజ్యూమే, మీకేం వచ్చో నాలుగు వాక్యాలు కలిపి పంపినప్పుడు. "అన్నయ్యా, ఏదైనా ఉంటే చూడు" అని వాట్సాప్‌లో పెడితే, ఎంత మంచి అన్నయ్యైనా ఏం చూడగలడు?

అపోహ: డబ్బు కడితే బ్యాక్‌డోర్‌లో చేరొచ్చు

వాస్తవం: నికార్సైన కంపెనీ ఏదీ ఉద్యోగం ఇవ్వడానికి మీ దగ్గర డబ్బు తీసుకోదు. రిజిస్ట్రేషన్ ఫీజు, లాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ చార్జీ, పేరేదైనా ఒకటే. మెయిల్ అడ్రసులో కంపెనీ డొమైన్ కాకుండా జీమెయిల్ ఉంటే అక్కడే ఆగండి. చేరే రోజున ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి వెంటనే తిరిగి ఇస్తారు. "మా దగ్గరే ఉంచుతాం" అన్నారంటే బయటకు వచ్చేయండి.

ఇందులో నాకు బాధ కలిగించేది తండ్రుల సంగతి. కొబ్బరి ధర పడిపోయిన ఏడాది తోట తాకట్టు పెట్టీ, చెరువు లీజు డబ్బులు వచ్చీరాగానే తీసుకెళ్ళీ కన్సల్టెన్సీలో కట్టేవాళ్ళున్నారు. అడిగితే "ఇంజినీరింగ్ సీటుకి కట్టలేదా, ఇదీ అంతే" అంటారు. సీటుకి కడితే నాలుగేళ్ళ చదువు ఉంటుంది. ఇక్కడ కట్టినదానికి ఆర్నెల్లు "క్లయింట్ ప్రాసెస్‌లో ఉంది" అనే మాట, తర్వాత స్విచాఫ్ అయిన ఫోన్.

అపోహ: ఫ్రెషర్‌గా వెళ్తే ఎవరూ తీసుకోరు, లేకపోయినా రెజ్యూమేలో రెండు మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ పెట్టుకోవాల్సిందే

అన్నిట్లోకీ ప్రమాదకరమైంది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. అమీర్‌పేటలో కోర్సు అయ్యాక, కోర్సు కంటే గట్టిగా చెప్పే పాఠం ఇది. "అందరూ అదే చేస్తున్నారు, నువ్వొక్కడివే మడి కట్టుకుంటే ఎలా?" అంటారు. చేసినవాళ్ళలో కొందరు నిలదొక్కుకున్న మాట నిజం. వాళ్ళ పేర్లే మనకు వినపడతాయి, బయటపడి ఇంటికొచ్చినవాళ్ళు ఊళ్ళో చెప్పుకోరు కదా.

వాస్తవం: ఉద్యోగంలో చేరాక, ఒక్కోసారి చేరకముందే, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ జరుగుతుంది. దాన్ని బయటి ఏజెన్సీకి ఇస్తారు. వాళ్ళు పాత కంపెనీకి ఫోన్ చేసి ఊరుకోరు. యూఏఎన్, అంటే మీ పీఎఫ్ ఖాతాలన్నిటినీ కలిపే ఒకే నంబరు, అడుగుతారు. అందులో ఏ సంస్థలో ఏ తేదీన చేరారో, ఎప్పుడు మానేశారో ఉంటుంది. రెండేళ్ళు పనిచేశానని రాసినవాడికి యూఏఎన్‌లో ఒక్క నెల కూడా లేకపోతే అక్కడికక్కడే దొరికిపోతాడు.

"పీఎఫ్ కూడా మేమే కట్టి చూపిస్తాం" అనే కన్సల్టెన్సీలున్నాయి. పాస్‌బుక్‌లో ఏ నెల జీతానికి కట్టారన్నదే కాదు, ఆ డబ్బు ఖాతాలో ఏ తేదీన పడిందన్నదీ ఉంటుంది. పద్దెనిమిది నెలల జమ ఒకే వారంలో పడితే చూసేవాడికి అర్థం కాదా? పైగా ఇలాంటి డొల్ల కంపెనీల పేర్లతో పెద్ద సంస్థలు జాబితాలు పెట్టుకుంటాయి. అలాంటి పేరు రెజ్యూమేలో ఉంటే, మీరు నిజంగా అక్కడ పనిచేసినా అనుమానంతోనే చూస్తారు.

దొరక్కపోయినా కష్టమే. మూడేళ్ళ అనుభవం అని చేరినవాడికి మొదటి వారమే మూడేళ్ళవాడి పని ఇస్తారు. ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడుతున్న చోట, సర్వర్ పడిపోతే లాగ్స్ (సర్వర్ రాసుకునే రికార్డులు) చూడమంటారు. పక్కవాణ్ణి అడగడానికి భయం, ఎందుకంటే ఫ్రెషర్ అడిగే ప్రశ్న తను అడగకూడదు. నేర్చుకోవాల్సిన మొదటి ఏడాది దాక్కోవడానికే సరిపోతుంది. ఆ టెన్షన్‌తో మానేసి వచ్చినవాళ్ళను చూశాను.

ఫ్రెషర్ అని రాసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. ఇంటర్న్‌షిప్ చేస్తే ఇంటర్న్‌షిప్ అనే రాయండి. డిగ్రీ, డిప్లొమా పూర్తయినవాళ్ళకు కేంద్ర ప్రభుత్వం నాట్స్ పోర్టల్ ద్వారా స్టైపెండ్ ఇచ్చే అప్రెంటిస్ అవకాశాలు పెడుతుంది. అది నిజమైన అనుభవం, ఏ ఏజెన్సీ వచ్చి అడిగినా నిలబడుతుంది.

అపోహ: ప్రాజెక్ట్ ఏదైనా ఒకటే, ఎవరూ చూడరు

వాస్తవం: నేను మొదట చూసేది అదే. ఫైనలియర్ ప్రాజెక్టులు సెంటర్లలో కొంటారని ఇంటర్వ్యూ చేసే ప్రతివాడికీ తెలుసు. గుండె జబ్బును ముందే పసిగట్టే ప్రాజెక్టు, ముఖం గుర్తుపట్టి అటెండెన్స్ వేసే ప్రాజెక్టు, ఈ రెండూ ఎన్ని రెజ్యూమేల్లో ఉంటాయో! "డేటా ఎక్కణ్ణించి తెచ్చారు? ఎన్ని వరుసలున్నాయి? తప్పు వచ్చిన కేసు ఒకటి చెప్పండి" అంటాను. మూడో ప్రశ్న దాకా వచ్చేవాళ్ళు తక్కువ.

ఆకివీడు వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి రెజ్యూమేలో చెరువు మేత లెక్క అని ఉంది. వాళ్ళ నాన్నగారివి రొయ్యల చెరువులట. నోటు పుస్తకంలో రాసే లెక్కను చిన్న వెబ్ పేజీగా చేసింది. చూడ్డానికి అందంగా ఏమీ లేదు. టేబుల్ ఎలా పెట్టావని అడిగాను. "మొదట చెరువు నంబరు, తేదీ కలిపి ప్రైమరీ కీ పెట్టానండీ. రోజుకి నాలుగు పూటలు మేత వేస్తారు కదా, రెండో పూట ఎంట్రీ తీసుకోలేదు. అప్పుడు పూటని కూడా కీలో కలిపాను" అంది. ప్రైమరీ కీకి, అంటే టేబుల్‌లో ఒక్కో వరుసనూ విడిగా గుర్తించేదానికి, పుస్తకంలో ఉండే నిర్వచనం నేను అడగాల్సిన అవసరమే రాలేదు. ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్యలకు ఎన్ని కిలోల మేత పట్టిందన్నది, ఎలా లెక్క కట్టావంటే మొత్తం మేతను పట్టుబడి బరువుతో భాగించానంది. చెరువులో చనిపోయిన రొయ్యల సంగతేంటంటే "వాటి మేత కూడా ఇందులోనే కలిసిపోతుందండీ, విడిగా తీసే దారి నాకు దొరకలేదు" అని ఒప్పుకుంది. ఆ జవాబుకి నేను ఎక్కువ మార్కులే వేశాను.

మన ప్రాంతంలో ఇలాంటి సరుకు ఎంతైనా ఉంది. రొయ్యలకు కౌంట్‌ను బట్టి ధర, అంటే కిలోకి ఎన్ని తూగుతాయన్నదాన్ని బట్టి. 30 కౌంట్‌కీ 100 కౌంట్‌కీ రేటు వేరు, అదీ రోజూ మారుతుంది. ఏ తేదీన ఏ కౌంట్‌కు ఎంత పలికిందో దాచి, నెలవారీ సగటు తీస్తే డేటాబేస్‌ను ప్రశ్నలడిగే ఎస్‌క్యూఎల్ భాషలో గ్రూప్ బై చేతికి వస్తుంది. ధాన్యం సొమ్ము బకాయిలు, కొబ్బరికాయల దింపు లెక్క, కాలువకు నీళ్ళు వదిలే వంతులు, ఏదైనా పనికొస్తుంది. కోడ్ దాచే గిట్‌హబ్ సైట్‌లో పెట్టండి, ఒకేసారి మొత్తం కాకుండా చేసినకొద్దీ పెట్టండి. ఆ తేదీలు చూస్తే ఎవరు చేశారో తెలిసిపోతుంది.

అపోహ: ఇంగ్లీషు ఫ్లూయెంట్‌గా రాకపోతే అంతే సంగతులు

వాస్తవం: వ్యాకరణం తప్పినందుకు నేనెవర్నీ వెనక్కి పంపలేదు. చెప్పేది అర్థం కాకపోతే మాత్రం ఏం చెయ్యను? ఎక్కువమందిని దెబ్బ తీసేది బట్టీ పట్టిన సెల్ఫ్ ఇంట్రడక్షన్. "మై స్ట్రెంత్ ఈజ్ హార్డ్ వర్క్" దగ్గర మొదలై, మధ్యలో నేనొక ప్రశ్న వేస్తే మళ్ళీ మొదటికి వెళ్ళాల్సి వస్తుంది. దాని బదులు మీ ప్రాజెక్టును చిన్న చిన్న వాక్యాల్లో రెండు నిమిషాలు చెప్పడం సాధన చేయండి.

ఒక్క జాగ్రత్త. కొన్ని కంపెనీల్లో మాట్లాడే పరీక్షను కంప్యూటరే పెడుతుంది. వాక్యం వినిపిస్తుంది, మీరు తిరిగి చెప్పాలి. దానికి జాలి ఉండదు. రోజూ ఒక పేజీ బిగ్గరగా చదివి ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. మొదట్లో మన గొంతు మనకే నచ్చదు, అది మామూలే.

అపోహ: సీఎస్ఈ కాకపోతే, ఇంజినీరింగ్ కాకపోతే దారి లేదు

వాస్తవం: పెద్ద సర్వీస్ కంపెనీల డ్రైవ్‌లకు సివిల్, మెకానికల్, ఈసీఈ వాళ్ళు కూడా కూర్చోవచ్చు. బీసీఏ, బీఎస్సీ వాళ్ళను విప్రో తన విల్ప్ అనే ప్రోగ్రామ్ ద్వారా తీసుకుని, ఉద్యోగం చేస్తుండగానే ఎంటెక్ చదివిస్తుంది. ఇంటర్ తర్వాతే తీసుకునేది హెచ్‌సీఎల్ టెక్‌బీ అనే ప్రోగ్రామ్. బ్రాంచి కంటే గట్టిగా అడ్డుపడేది మార్కుల కటాఫ్: చాలాచోట్ల టెన్త్ నుంచి బీటెక్ దాకా 60 శాతం, పెండింగ్ బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదు. కాబట్టి మూడో ఏడాదిలో మిగిలిన సబ్జెక్టును కొత్త కోర్సు కంటే ముందు క్లియర్ చెయ్యాలి.

అపోహ: అమీర్‌పేట వెళ్తే తప్ప రాదు

వాస్తవం: వెళ్తే క్రమశిక్షణ వస్తుంది, తోటివాళ్ళు దొరుకుతారు, హాస్టల్ ఖర్చు పడుతుంది. పాఠాలు మాత్రం ఇంట్లోనూ దొరుకుతాయి. ఐఐటీ అధ్యాపకులు చెప్పే ఎన్‌పీటీఈఎల్ కోర్సులు ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. ఇంట్లో కూర్చుని రోజూ నాలుగు గంటలు చెయ్యగలిగినవాడికి రాజోలైనా ఒకటే, అమీర్‌పేటైనా ఒకటే. చెయ్యలేనివాడు వెళ్ళడమే మంచిది, అందులో తప్పేమీ లేదు.

అపోహ: ఏఐ వచ్చింది, ఇక ఫ్రెషర్లను తీసుకోరు

వాస్తవం: తీసుకుంటున్నారు. అడిగేది మారింది. కోడ్ రాయడం కంటే, రాసి ఉన్న కోడ్ ఇచ్చి ఇందులో తప్పేంటో చెప్పమనడం ఎక్కువైంది. చాట్‌జీపీటీ రాసిచ్చిన పది లైన్లలో ఏ లైను ఎందుకుందో చెప్పగలిగితే వాడుకోండి, నేనూ వాడతాను. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో పక్క స్క్రీన్ చూసి చదివితే మాత్రం కళ్ళు పట్టించేస్తాయి.

అపోహ: ప్యాకేజీ 3.6 లక్షలంటే నెలకు 30 వేలు

వాస్తవం: ఆ 30 వేలు కంపెనీకయ్యే మొత్తం ఖర్చు. బేసిక్ 15,000 అనుకుంటే ఆ 30 వేల్లోంచి కంపెనీ తరఫు పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ 721 పక్కకు పోతాయి. మిగిలిన 27,479లో మీ పీఎఫ్ 1,800, హైదరాబాద్‌లోనైతే వృత్తి పన్ను 200 కోస్తారు. చేతికి సుమారు 25,500. వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చే భాగం), ఇన్సూరెన్స్ కూడా ప్యాకేజీలో కలిపి ఉంటే ఇంకా తగ్గుతుంది. ఈ జీతానికి ఆదాయపు పన్ను పడదు. సంబంధాలు చూసేటప్పుడు చెప్పే అంకె మీ ఇష్టం, రూమ్ అద్దె మాట్లాడేటప్పుడు మాత్రం చేతికొచ్చే అంకె గుర్తుపెట్టుకోండి.

అపోహ: ఆఫర్ లెటర్ వచ్చిందంటే అయిపోయినట్టే

వాస్తవం: 2022లో ఆఫర్లు అందుకున్నవాళ్ళలో కొందరు 2024 దాకా జాయినింగ్ డేట్ కోసం ఎదురుచూశారు. జాయినింగ్ తేదీ వచ్చేదాకా మిగతా ఇంటర్వ్యూలు ఆపకండి.

ఆ ఎదురుచూసే రోజుల్లో ఒక పని పెట్టుకోండి. మన వాళ్ళకు ఇంటిపేరు ముందు, ఆపైన రెండు మూడు పేర్లు. టెన్త్ మెమోలో పూర్తిగా, ఆధార్‌లో ఇనిషియల్‌తో, పాన్‌లో ఇంటిపేరు చివరన. ఒక్కోదాంట్లో ఒక్కో మనిషి. యూఏఎన్ ఆధార్‌తోనే ముడిపడి ఉంటుంది కాబట్టి చేరిన మొదటి వారంలోనే అది అడ్డం తిరుగుతుంది. టెన్త్ మెమోలో ఉన్న పేరునే ఆధారంగా తీసుకుని మిగతా రెండూ దానికి సరిచేయించండి. ఆధార్ కేంద్రం మన మండలంలోనే ఉంటుంది. హైదరాబాద్‌లోని కేంద్రంలోనూ చేయించుకోవచ్చు గానీ, ఉద్యోగంలో చేరాక దీని కోసం సెలవు పెట్టుకోవాలి.