రాతి మీద లేని పేర్లు

బందరు

చిరంజీవులైన నా మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో "తాతయ్యా, మీ బందరులో లడ్డు కాకుండా ఇంకేముంది?" అని అడిగారు కదా. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చే విషయం కాదని ఉత్తరం రాస్తున్నాను.

మన బందరులో డచ్చి వాళ్ల సమాధులున్నాయి. వందల ఏళ్లుగా ఉప్పుగాలి తింటున్నా ఆ రాళ్ల మీద చెక్కిన పేర్లు, వంశ చిహ్నాలు ఇంకా కనిపిస్తాయి. పురావస్తు శాఖ వాటిని కాపాడుతోంది, మంచిదే. కానీ ఎక్కడో పుట్టినవాళ్లు ఇక్కడికి వచ్చి ఎందుకు చనిపోయారు? గుడ్డ కోసం వచ్చారు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మనది పెద్ద రేవు. డచ్చి వాళ్లు వచ్చారు, 1611లో ఇంగ్లీషు వాళ్లూ దిగారు. మన దేశపు అద్దకం గుడ్డల మీద ఐరోపా వాళ్లకు ఎంత మోజంటే, తమ నేతగాళ్ల బతుకు పోతోందని ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో వాటిని నిషేధించాయి.

ఆ గుడ్డలు కొన్నవాళ్ల పేర్లు రాతి మీద ఉన్నాయి. అద్దినవాళ్ల పేరు ఒక్కటి కూడా ఏ రాతి మీదా లేదు. ఆ సమాధుల దగ్గరికి వెళ్లినప్పుడల్లా నాకు గుచ్చుకునేది ఇదే.

ఇక్కడికి పది కిలోమీటర్ల దూరంలో పెడన ఉంది. అక్కడ ఇళ్లకు ఇళ్లే ఈ అద్దకం పని మీద, అంటే కలంకారీ మీద, బతుకుతున్నాయి. ముందు గుడ్డను ఉతికి, కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరేస్తారు. పాలు పడితే రంగు పక్కకు పాకదు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెడితే వచ్చేదే కసిం. టేకు అచ్చుతో దాన్ని అద్దగానే కరక్కాయ గుణానికి నల్లగా తేలుతుంది. ఎరుపు సంగతి ఇంకా చిత్రం. అచ్చుతో వేసేది ఎర్రరంగు కాదు, పటిక నీళ్లు. ఆ గుడ్డను ఎర్రరంగు కాగులో ఉడికిస్తే పటిక పడినచోటే రంగు నిలుస్తుంది. తర్వాత కాలవలో జాడించాలి. పారే నీళ్లే కావాలి, నిలవ నీళ్లయితే విడిన రంగు మళ్లీ గుడ్డకే అంటుకుంటుంది.

అందుకే పిల్లలూ, పాత కట్టడానికి సున్నం వేసి కంచె కట్టినంత మాత్రాన ఊరి చరిత్ర నిలవదని నేనంటాను. కాలవలో మురుగు కలిస్తే ఈ పని ఆగిపోతుంది. అచ్చులు చెక్కే మనిషి కొడుకు వేరే ఉద్యోగానికి పోతే కొత్త అచ్చు పుట్టదు. మిషను మీద కొట్టిన గుడ్డను కలంకారీ అని చవగ్గా అమ్మితే, వారాల తరబడి ఎండలో నిలబడిన కుటుంబం ఏం తింటుంది?

నాకు తెలిసిన ఒకాయన ఇంటి అటక మీద వాళ్ల తాత నాటి అచ్చులు వరసగా పేర్చి ఉన్నాయి. కొన్నింటి అంచులు అరిగి నున్నగా అయిపోయాయి. గోడకు తగిలించుకుంటామని, మంచి డబ్బు ఇస్తామని అడిగినవాళ్లున్నారట. ఆయన ఇవ్వలేదు. "గోడెక్కితే అది బొమ్మే అవుతుందండీ, ఇక్కడుంటే పనిముట్టు" అన్నాడు. మా ఊరిలో ఎవరికైనా శాలువా కప్పాలంటే నేను ఆయనకే కప్పుతాను.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి ఈ ప్రాంతంలో ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకుంది. అంత జరిగాక కూడా ఇక్కడ మళ్లీ అచ్చు పట్టిన చేతులున్నాయి. వాళ్ల పేర్లు మనకు దొరకవు. ఇప్పుడున్నవాళ్ల పేర్లయినా అడిగి రాసుకుందాం.

సంక్రాంతికి వస్తారు కదా, ఒక నోటుబుక్కు తెచ్చుకోండి. తెల్లవారుజామునే పెడన వెళదాం, కాలవ గట్టు మీద గుడ్డలు ఆరేసే వేళకు. అమ్మ దగ్గర పాత కలంకారీ దుప్పటి ఉండాలి, నా పెళ్లినాటిది. అదీ పట్టుకురండి. దాని అంచున ఉన్న మామిడిపిందె అచ్చు ఎవరింటిదో ఆ అటక మీది అచ్చులాయన చూసి చెబుతాడేమో అడగాలి.

ఇట్లు,
మీ తాతయ్య