గుడ్డ చుట్టిన చెడ్డర్: నీటికీ పులుపుకీ మధ్య పందెం

చీజ్ చేయడమంటే ముఖ్యంగా పాలలోంచి నీరు తీసేయడమే. పది లీటర్ల పాలు పోస్తే ఇంచుమించు కిలో చీజ్ చేతికొస్తుంది, మిగతాదంతా తేట అనే పలచని నీరుగా పోతుంది. చెడ్డర్ అనే గట్టి చీజ్‌లో చిక్కేమిటంటే, నీరు పోతున్న ఆ కొన్ని గంటల్లోనే పాలు పులుస్తూ కూడా ఉంటాయి. పులుపు ముందెక్కి నీరు లోపల మిగిలినా, నీరు ముందే పోయి పులుపు వెనకబడినా ఆ తప్పు ఏడాది తర్వాత రుచిలో బయటపడుతుంది. తయారీలో ప్రతి మెట్టూ ఈ రెండింటినీ ఒకే వేళకు గట్టు చేర్చడానికే.

దీని పుట్టిల్లు ఇంగ్లండ్ నైరుతిలోని సోమర్సెట్. అక్కడి చెడ్డర్ అనే ఊరి పేరే దీనికీ వచ్చింది. 1170లో రెండో హెన్రీ రాజు ఖాతాల్లో 10,240 పౌన్ల బరువు చెడ్డర్ కొన్న పద్దు ఉంది. ఇప్పటి పద్ధతి మాత్రం 19వ శతాబ్దిలో కుదురుకుంది. మార్క్స్‌బరీ రైతు జోసెఫ్ హార్డింగ్ వేడిని కొలిచి, పులుపును కనిపెట్టుకుంటూ, శుభ్రత పాటించి చేసే తీరును ప్రచారం చేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పాలను ఒకే రకం ‘గవర్నమెంట్ చెడ్డర్’కు మళ్లించారు. 1954లో రేషన్ ఎత్తేసేనాటికి పొలాల్లో చీజ్ చేసే ఇళ్లు చాలావరకు మూతబడ్డాయి. నేడు పచ్చి పాలు, దూడ రెన్నెట్ (దూడ కడుపులోంచి తీసే, పాలను గడ్డకట్టించే పదార్థం), గుడ్డ చుట్టుతో సోమర్సెట్‌లో పాత పద్ధతి నిలబెట్టిన డెయిరీల్లో మాంట్‌గోమరీ, కీన్, వెస్ట్‌కోమ్ ముఖ్యమైనవి. చెడ్డర్ అన్న పేరు ప్రపంచంలో ఎవరైనా వాడుకోవచ్చు. ‘వెస్ట్ కంట్రీ ఫామ్‌హౌస్ చెడ్డర్’ అనాలంటే మాత్రం పాలు సోమర్సెట్, డోర్సెట్, డెవన్, కార్న్‌వాల్ కౌంటీలవే కావాలి, కనీసం 9 నెలలు మాగాలి.

పాలను 30 డిగ్రీల సెల్సియస్ ప్రాంతానికి వెచ్చబెట్టి తోడు వేస్తారు. తోడులో ఉండేవి లాక్టోకాకస్ బ్యాక్టీరియా. పాత డెయిరీలు వాడే ద్రవ తోడులో రకరకాల జాతులు కలిసి ఉంటాయి. దీనికి గట్టి కారణమే ఉంది. ఫేజ్ అనే వైరస్‌లు డెయిరీలో చేరితే ఒక జాతిని గంటల్లో తుడిచిపెట్టగలవు. పక్కన వేరే జాతి ఉంటే పులుపు ఆగదు. రోజుకో తోడు మార్చి వాడటం కూడా ఇందుకే. పచ్చి పాలతో చేసేటప్పుడు పులుపు మందగిస్తే అది రుచి సమస్యగా ఆగదు: వెచ్చగా ఉండి పులవని పాలలో స్టెఫైలోకాకస్ అనే హానికర బ్యాక్టీరియా పెరిగి విషం వదలొచ్చు. అందుకే పులుపెక్కని తొట్టిని అనుమానంగా చూస్తారు.

గంట తర్వాత రెన్నెట్, 100 లీటర్లకు సుమారు 30 మిల్లీలీటర్లు. ఇక్కడే చెడ్డర్ మన పెరుగు నుంచి విడిపోతుంది. పెరుగు తోడుకునేది పులుపు వల్ల. ఆ పులుపు పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ రేణువుల్లోని కాల్షియాన్ని కరిగించేస్తుంది కాబట్టి గడ్డ మెత్తగా, సాగకుండా ఉంటుంది. రెన్నెట్‌లోని కైమోసిన్ అనే ఎంజైము మాత్రం పాలు ఇంకా తియ్యగా ఉండగానే పనిచేస్తుంది. కేసీన్ రేణువులను ఒకదానికొకటి అంటకుండా ఆపే పైనూగును కోసేస్తుంది. కాల్షియం అక్కడే ఉంటుంది, రేణువులు గట్టిగా పట్టుకుంటాయి, వేడి తగిలితే గడ్డ ముడుచుకుని నీటిని బయటికి నెడుతుంది.

ముప్పావు గంటలో గడ్డ కడుతుంది. కత్తిని వాలుగా దించి పైకి లేపితే చీలిక నున్నగా విచ్చుకుని, అందులో ఆకుపచ్చ ఛాయ తేట ఊరాలి. తేట తెల్లగా ఉందంటే తొందరపడి కోశారనో, మోటుగా కోశారనో అర్థం. వెన్న తేటలో పోతోంది. సెంటీమీటరు లోపు ముక్కలుగా కోసి, కలుపుతూ 40 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. ఈ పదీ ఎక్కడానికి అరగంటకు పైగా పట్టాలి. త్వరగా వేడి చేస్తే ప్రతి ముక్కకూ పైన పొర కట్టి నీరు లోపల చిక్కుతుంది. ఆ నీటిలోని లాక్టోజ్ అనే పాల చక్కెర తర్వాత పులుస్తూనే పోతుంది, చీజ్ ఘాటైన పులుపుతో పొడిపొడిగా తయారవుతుంది. చాలా చెడ్డర్ ఇక్కడే పాడవుతుంది.

పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6.2 దగ్గర తేట వదిలేస్తారు. అడుగున మిగిలిన ముద్దను దిమ్మెలుగా కోసి, పావుగంటకోసారి తిప్పుతూ ఒకదానిపై ఒకటి పేర్చడమే చెడ్డరింగ్. బరువుకి దిమ్మె పలచబడి పక్కలకు సాగుతుంది. ఎక్కుతున్న పులుపు ఇప్పుడు కాల్షియాన్ని కొంతే వదిలిస్తుంది. చింపి చూస్తే ఉడికిన కోడి రొమ్ము మాంసంలా పోగులు పోగులుగా విడివడాలి. పులుపు కొలిచే పద్ధతులు రాకముందు కాలిన ఇనుప కడ్డీకి ముద్దను అంటించి లాగి, సాగిన పోగుల పొడవును బట్టి పులుపు అంచనా వేసేవారు.

పీహెచ్ 5.3 ప్రాంతంలో దిమ్మెలను మిల్లులో వేసి వేలెడు ముక్కలు చేసి, బరువులో 2 శాతానికి కాస్త పైన ఉప్పు కలుపుతారు. కొంత తేటతో కారిపోతుంది. పులుపుకి కళ్లెం వేసేది ఈ ఉప్పే. ఆలస్యమైతే చీజ్ పెళుసవుతుంది. తక్కువైతే ఎంజైములు అదుపు తప్పి చేదెక్కిస్తాయి. అంతా ఒకేసారి కుమ్మరించకూడదు, ముక్కల పైభాగం బిగుసుకుని అచ్చులో అతుక్కోవు. విడతలుగా చల్లి, ఆగి, మళ్లీ చల్లాలి. వేడి తగ్గకుండా అచ్చుకెత్తినా అతుకు కుదరదు, కరిగిన కొవ్వు ముక్కల మధ్య చేరుతుంది.

రెండు మూడు రోజులు ప్రెస్‌లో ఉండి, మధ్యలో ఒకసారి వేడినీళ్లలో మునిగి పైపొర నునుపెక్కాక, సుమారు 25 కిలోల దిమ్మెకు కరిగించిన పందికొవ్వుతో మస్లిన్ గుడ్డ అంటిస్తారు. కొవ్వు పగుళ్లను ఆపుతుంది, గుడ్డ ఊపిరాడనిస్తుంది. ప్లాస్టిక్‌లో మాగే ఫ్యాక్టరీ దిమ్మె తడి వదలదు, బరువు తగ్గదు, అందుకే చవక. రుచిలో తేడాకు సగం కారణం అదే. గుడ్డ చుట్టినవి 11, 12 డిగ్రీల గదిలో ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు బూజు పట్టి ఎండుతాయి. వాటిని తిప్పుతూ ఉండాలి, లేదంటే తడి అడుగుకు దిగి ఆ వైపు కుళ్లుతుంది. చీజ్ పురుగులు గుడ్డను తొలిచి పొడి రాలుస్తాయి, బ్రష్‌తోనో గాలితోనో దులపాలి. పైపొర పగిలితే గాలి దూరి నీలి బూజు చారలు పడతాయి. కొందరు కొనుగోలుదారులు వాటినే ఏరి కోరుకుంటారు. పంటికి కరకరమని తగిలేవి టైరోసిన్ లేదా కాల్షియం లాక్టేట్ స్ఫటికాలు. అవి లోపం కాదు.

పరీక్షకు బోలుగా ఉన్న ఇనుప గొట్టాన్ని దిమ్మెలోకి దించి, తిప్పి, లాగుతారు. ముందు వాసన, తర్వాత వేళ్ల మధ్య నలిపి జిగురు చూడటం, చివర చిటికెడు నోట్లో. గొట్టంలో మిగిలిన చీజ్ కడ్డీని అదే రంధ్రంలో తోసి, పైన చీజ్ పూసి మూసేస్తారు.

బ్రిటన్‌లో ఉన్న తెలుగు శాకాహారులకు ఒక మాట: పైన చెప్పిన మాంట్‌గోమరీ, కీన్, వెస్ట్‌కోమ్ మూడింటిలోనూ దూడ రెన్నెట్ ఉంటుంది, గుడ్డకు పందికొవ్వూ ఉంటుంది. లేబుల్ మీద ‘వెజిటేరియన్’ అని ఉన్న చెడ్డర్‌లో సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్ వంటివి వాడతారు. అయినా గుడ్డ చుట్టినదైతే పైపూత ఏమిటో దుకాణంలో విడిగా అడగాలి.