మాకా టీ: దుంపే కదా, పోయేదేముంది?

ఈ నెలలో ఇది నాలుగోసారి. డైట్ చార్టు కోసం వచ్చినాయన బ్యాగులోంచి మాకా టీ డబ్బా తీసి టేబుల్ మీద పెట్టారు. మాకా అంటే పెరూ కొండల్లో పండే ఒక దుంప.

"మేడమ్, ఇది రోజూ రెండుపూటలా తాగుతున్నా. టెస్టోస్టిరాన్ పెరుగుతుందట."

"ఎన్నాళ్ల నుంచి?"

"పద్నాలుగు నెలలు."

"వీర్య పరీక్ష చేయించారా?"

ఆయన భార్య వంక చూశారు. ఆమె నేల వంక చూసింది.

అపోహ: మాకా తాగితే మగ హార్మోన్ పెరుగుతుంది, పిల్లలు పుడతారు.

వాస్తవం: హార్మోన్ పెరగదు. పెరూలోనే గుస్తావో గొంజాలెస్ అనే పరిశోధకుడి బృందం మగవాళ్లకు రోజుకు 1.5 లేదా 3 గ్రాముల మాకా ఇచ్చి 12 వారాలు చూసింది. కోరిక పెరిగిందని కొందరు చెప్పారు, టెస్టోస్టిరాన్ మాత్రం కదల్లేదు. వీర్యకణాలు మెరుగయ్యాయన్న 2001 అధ్యయనంలో ఉన్నది తొమ్మిదిమంది, పోల్చి చూడటానికి ప్లాసిబో (ఉత్తుత్తి మందు) గ్రూపు కూడా లేదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే.

పైగా అవి మాకాను మింగించి చూసిన లెక్కలు. మీరేమో సాచెట్‌ను వేణ్ణీళ్లలో ముంచి పారేస్తున్నారు. మాకాలో ఉన్నాయని గొప్పగా చెప్పుకునే మాకమైడ్లనే పదార్థాలు కొవ్వులో కరిగే రకం, నీళ్లలోకి దిగేది తక్కువే. పెరూలోని హునీన్ పీఠభూమిలో, 4,000 మీటర్ల పైన, దీన్ని పండించేవాళ్లు దుంప ఎండబెట్టి, ఉడికించి, మొత్తంగా తింటారు.

డబ్బు పోతే పోయింది, నా బాధ కాలం గురించి. నిరుడు ఇలాగే రెండేళ్లు టీ మీదే గడిపిన ఒకాయనకు పరీక్షలో వేరికోసీల్ (వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం, పిల్లలు కలగకపోవడానికి ఒక కారణం) బయటపడింది. అప్పటికి ఆయన భార్యకు 36. తిట్టాలనిపించదు నాకు. ప్రతి పండక్కీ "ఏమైనా విశేషమా?" అని అడిగే చుట్టాల మధ్య, డబ్బా కొనడం తేలిక, ల్యాబ్‌లో కప్పు పట్టుకుని నిలబడటం కష్టం.

మిగతావి గబగబా చెప్పేస్తాను. "జెలటినైజ్డ్" అని రాసి ఉంటే అందులో జెలటిన్ ఉందని కాదు, వేడితో పిండిపదార్థాన్ని మార్చారని. శాకాహారులు కంగారుపడక్కర్లేదు. పచ్చి మాకాయే అసలైనదన్నది అమ్మేవాళ్ల మాట, పండించేవాళ్లది కాదు. "సైడ్ ఎఫెక్టులు లేవు" అన్న మాటే నాకు ఒళ్లుమంట. ఇది ఆవాలు, క్యాబేజీ కుటుంబం, థైరాయిడ్ పనికి అడ్డుపడగల గ్లూకోసినోలేట్లనే పదార్థాలు దండిగా ఉంటాయి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టొద్దు. గర్భిణులు అసలే వద్దు, వాళ్లకు సురక్షితమని తేల్చిన అధ్యయనాలు లేవు.

ఒకసారి స్నేహితురాలు లిమా నుంచి ఎండు మాకా తెచ్చిపెట్టింది. ముడతలు పడ్డ వక్కల్లా ఉన్నాయి. రాత్రంతా నానబెట్టి కుక్కర్లో పెడితే ఇల్లంతా ముల్లంగి సాంబారు వాసన, వెనకాలే మాడిన బెల్లం ఘాటు. మా అమ్మ కిటికీలు తెరిచింది. నాకు మాత్రం నచ్చింది.

ఆయన వెళ్తూ వెళ్తూ అడిగారు, "ఇంకా రెండు డబ్బాలున్నాయి మేడమ్, పారేయనా?"

"థైరాయిడ్ లేదుగా, రుచి నచ్చితే తాగండి. ముందు రిపోర్టు తీసుకురండి."