పళ్లెం నుంచి పొడి డబ్బాకి: నూట యాభై ఏళ్ల కథ

హైదరాబాద్‌లో పొద్దున్నే ఏ పార్కు దగ్గరికి వెళ్లినా గేటు బయట స్టీలు క్యాన్లతో రాగి జావ, జొన్న అంబలి అమ్మే బండి ఒకటి కనిపిస్తుంది. అదే వీధిలో ఏదో ఒక బిల్డింగ్ పై అంతస్తులో బరువు తూచే మిషను, గోడ మీద సన్నబడ్డవాళ్ల ఫోటోలు, వెనీలా వాసన వేసే షేకులు కూడా ఉంటాయి. అక్కడికి వెళ్లేవాళ్లు చాలామంది పొద్దున టిఫిన్, రాత్రి భోజనం మానేసి ఆ షేకే తాగుతుంటారు. ఇడ్లీలో ఉన్నది పిండే కదా, ఇందులో అయితే ప్రొటీన్, విటమిన్లు అన్నీ కొలిచి వేసి ఉంటాయి అంటాడు కోచ్. డబ్బాలో పొడి తిని బతకాల్సిన ఖర్మ మనకేంటి అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. ఈ తగువు ఇద్దరూ అనుకుంటున్నంత కొత్తది కాదు. దీని మీద ప్రపంచమంతా పొరబడ్డ రోజుల్లో జవాబులో పెద్ద ముక్క మన తార్నాకలోనే దొరికింది.

ధాన్యం వేయించి, పొడి కొట్టుకుని తినడం మనకి తెలియనిదేం కాదు. తొలి ఏకాదశికి పేలాల పిండి, బతుకమ్మకి సత్తు పిండి, పళ్లు రాని పిల్లలకి ఉగ్గు ఉండనే ఉన్నాయి. కానీ పెద్దవాళ్లు అన్నం మానేసి పొడి తాగితే అన్నం తిన్నదానికంటే ఆరోగ్యమని మన ఇళ్లల్లో ఎవరూ అనలేదు. ఆ మాట యూరప్ నుంచి వచ్చింది. 1860ల్లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్, తల్లిపాలు అందని పిల్లల కోసం గోధుమ పిండి, మాల్ట్ పిండి (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ పిండి), ఆవుపాలు కలిపి ఒక ఆహారం తయారుచేశాడు. తిండి అంటే కొన్ని పదార్థాల లెక్క, ఆ లెక్క సరిపోతే తిండి సరిపోయినట్టే అనే నమ్మకం అక్కడే మొదలై బజారుకెక్కింది. 1873లో ఇంగ్లండ్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన హార్లిక్ సోదరులు పిల్లలకీ రోగులకీ పనికొచ్చే పొడి అమ్మడం మొదలుపెట్టారు. 1883లో మాల్టెడ్ మిల్క్ పొడికి పేటెంట్ తీసుకున్నారు.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత తిరిగొచ్చిన సైనికులతో హార్లిక్స్ మన దేశంలోకి వచ్చింది. ఆ తర్వాత తెలుగువాళ్లు దాన్ని ఎంత సొంతం చేసుకున్నారో చెప్పక్కర్లేదు. ఆస్పత్రిలో ఎవరినైనా పరామర్శించడానికి వెళ్తే చేతిలో ఒక హార్లిక్స్ సీసా, డజను అరటిపళ్లు ఉండేవి. రాజమండ్రిలో దాని ఫ్యాక్టరీయే వెలిసింది. 1954లో బ్రిటన్‌లో కాంప్లాన్ వచ్చింది. అదీ మొదట గట్టి తిండి తినలేని రోగుల కోసమే. తర్వాత రెండూ ఎదిగే పిల్లల పానీయాలయ్యాయి, పరీక్షల పానీయాలయ్యాయి. ఈ వ్యాపారం నడక ఎప్పుడూ ఇంతే. ఒక నిజమైన అవసరం కోసం పుట్టిన పొడిని కొన్నేళ్లకి ఆ అవసరం లేనివాళ్లకి అమ్మడం మొదలవుతుంది.

ఇక తార్నాక సంగతి. జాతీయ పోషకాహార సంస్థ, అంటే ఎన్ఐఎన్, పుట్టింది హైదరాబాద్‌లో కాదు. 1918లో నీలగిరుల్లోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒక గదిలో, విటమిన్ బి1 లోపంతో వచ్చే బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం రాబర్ట్ మెక్‌కారిసన్ దాన్ని మొదలుపెట్టాడు. ఆయన ఎలుకలకి దేశంలో ఒక్కో ప్రాంతంవాళ్ల తిండి పెట్టి చూశాడు. గోధుమ రొట్టెలు, పాలు, పప్పు, కూరగాయలు ఉన్న పంజాబీ భోజనం తిన్న ఎలుకలు బాగా పెరిగాయి. తెల్లన్నమే ఎక్కువగా ఉన్న మద్రాసు, బెంగాల్ వైపు భోజనం తిన్నవి బక్కచిక్కాయి. మామూలు తిండి అని మనం ఒక్క మాటలో తేల్చేసే దాంట్లో కూడా ఎంత తేడా ఉందో వందేళ్ల కిందటే అలా బయటపడింది. 1958లో ఆ సంస్థ హైదరాబాద్‌కి వచ్చింది. 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది.

అది నగరానికి వచ్చేనాటికి ప్రపంచాన్ని ప్రొటీన్ భయం పట్టుకుని ఉంది. పేద దేశాల పిల్లలు చిక్కిపోవడానికి, కాళ్లు వాచిపోవడానికి కారణం ప్రొటీన్ కొరతేనని ఐక్యరాజ్యసమితి సంస్థలు గట్టిగా నమ్మాయి. 1968లో ఐక్యరాజ్యసమితి ముంచుకొస్తున్న ప్రొటీన్ సంక్షోభాన్ని ఆపాలంటూ నివేదికే వేసింది. దానికి విరుగుడుగా చేప పొడి, సోయా పొడి, వేరుశనగ చెక్క నుంచి తీసిన పొడి లాంటివి తయారుచేసి పంచాలనుకున్నారు. మన దేశంలో కూడా మైసూరు ఆహార పరిశోధన సంస్థ వేరుశనగ పిండి, శనగపిండి కలిపి ఒక పొడి తయారుచేసింది. బీహార్ కరువు రోజుల్లో 'బాలాహార్' వచ్చింది.

దీన్ని కాదన్నవాళ్లలో ముందు వరసలో నిలబడింది ఎన్ఐఎన్ డైరెక్టర్ సి. గోపాలన్. ఒళ్లు వాచే క్వాషియార్కర్, ఎముకల గూడుగా మారే మరాస్మస్ రెండూ ఒకే రకం తిండి తినే పిల్లల్లోనే వస్తున్నాయని ఆయన చూపించారు. అలాంటప్పుడు ఒకదానికి ప్రొటీన్ కొరత, ఇంకోదానికి క్యాలరీల కొరత కారణం అని విడదీసి చెప్పడం కుదరదు. ఆ తర్వాత ఆయన బృందం ఊళ్లోని చిన్నపిల్లలకి నెలల తరబడి రోజూ గోధుమ పిండి, చక్కెర, నూనెతో చేసిన తినుబండారం అదనంగా పెట్టింది. అందులో ఉన్నది సుమారు 300 క్యాలరీలు, ప్రొటీన్ మాత్రం 3 గ్రాములే. అయినా ఆ పిల్లలు మిగతావాళ్లకంటే ఎత్తు, బరువు పెరిగారు. వాళ్లు రోజూ తింటున్న అన్నం, పప్పులో ప్రొటీన్ దాదాపు సరిపోయేంతే ఉంది, కడుపు నిండా తిండే లేదు. కడుపు నిండనప్పుడు ఒళ్లు ఆ ప్రొటీన్‌ని కూడా కట్టెలా మండించేసుకుంటుంది. 1973లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. మరుసటి ఏడు బ్రిటిష్ వైద్య పత్రిక లాన్సెట్‌లో డొనాల్డ్ మెక్‌లారెన్ ఈ ప్రొటీన్ హడావిడి మొత్తాన్ని ఘోర వైఫల్యం అని రాశాడు. అంతకుముందే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు రోజుకి ఇంత ప్రొటీన్ కావాలి అనే అంకెని తగ్గించుకున్నారు కూడా.

అలాగని ఎన్ఐఎన్ పొడులకి శత్రువు కాలేదు. బాగా నీరసించిన పిల్లల కోసం ఆ సంస్థ రూపొందించిన 'హైదరాబాద్ మిక్స్' పిల్లల డాక్టర్ల పుస్తకాల్లో ఇప్పటికీ ఉంటుంది. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16 గ్రాములు, పల్లీలు 10 గ్రాములు, బెల్లం 20 గ్రాములు. మొత్తం 86 గ్రాముల పొడిలో 330 క్యాలరీలు, 11.3 గ్రాముల ప్రొటీన్. మన అమ్మమ్మలు చూస్తే ఇందులో కొత్తేముందని అడుగుతారు, అదే దాని గొప్ప. నాచారంలోని తెలంగాణ ఫుడ్స్ తయారుచేసి అంగన్‌వాడీల ద్వారా పంచే బాలామృతం కూడా ఈ దారిలో వచ్చిందే. ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకి నెలకి రెండున్నర కిలోల ప్యాకెట్ ఇస్తారు. ఈ పొడులు ఇంట్లో వండే తిండిని తీసేయడానికి పెట్టినవి కావు, దానికి తోడుగా పెట్టినవి.

తిండి తగ్గించడానికి పొడి వాడటం అమెరికాలో మొదలైంది. 1959లో మీడ్ జాన్సన్ కంపెనీ మెట్రికాల్ అనే పొడి తెచ్చింది. అదే కంపెనీ రోగుల కోసం అమ్మే పొడికి ఇది తమ్ముడు. రోజంతా అదే తాగితే 900 క్యాలరీలు, అంతే. ఒకటి రెండేళ్లు దేశమంతా వెర్రిగా తాగి, రుచికి విసిగి వదిలేసింది. 1970ల్లో వచ్చింది ఇంకా ఘోరం. జంతువుల తోళ్లు, ఎముకల నుంచి తీసిన జెలటిన్ లాంటి 'లిక్విడ్ ప్రొటీన్' తప్ప ఇంకేమీ తీసుకోకుండా నెలల తరబడి ఉన్నవాళ్లలో దాదాపు 60 మంది చనిపోయారు. చాలామందికి గుండె లయ తప్పింది. ఇప్పటి పొడుల్లో మంచి రకం ప్రొటీన్, పొటాషియం, మెగ్నీషియం, విటమిన్లు లెక్కగా ఉండటానికి వెనక ఆ చావులున్నాయి. ఆహార ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ కోడెక్స్ 1991లో పెట్టిన ప్రమాణం ప్రకారం భోజనం బదులు తీసుకునే పొడి ఒక్కో పూటకి 200 నుంచి 400 క్యాలరీలు ఇవ్వాలి, అందులో కనీసం పాతిక శాతం ప్రొటీన్ నుంచి రావాలి. నీళ్లలో ఒక స్కూప్ కలుపుకుని భోజనం అయిపోయింది అనుకునేవాళ్లు డబ్బా వెనక ఈ అంకె ఒకసారి చూసుకోవాలి.

1980లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన షేకు పొడుల కంపెనీ హెర్బలైఫ్ 1999లో భారత్‌కి వచ్చింది. సైబర్ టవర్స్ తెరుచుకుని అప్పటికి ఏడాది. ఒకచోట చేరి షేకులు తాగే, మెక్సికోలో పుట్టిన 'న్యూట్రిషన్ క్లబ్' పద్ధతి తర్వాత మన కాలనీలకి కూడా పాకింది. 2013లో అమెరికాలో రాబ్ రైన్‌హార్ట్ అనే యువ ఇంజనీరు వంట, తిండి అంతా టైమ్ వేస్ట్ అంటూ సాయ్‌లెంట్ అనే పొడి తెస్తే మాదాపూర్‌లో కూడా దాని గురించి మాట్లాడుకున్నారు. నైట్ షిఫ్ట్‌లో ఉన్నవాడికి ఆ ఆలోచన నచ్చడంలో వింత లేదు.

మన దగ్గర ఈ డబ్బాలకి దారి వేసింది కంపెనీలే అనుకుంటే పొరపాటు. గత ఇరవై ఐదేళ్లలో తెలుగువాళ్లు మంతెన సత్యనారాయణరాజు చెబితే ఉప్పు మానేశారు, వీరమాచనేని రామకృష్ణ చెబితే అన్నం మానేసి కొబ్బరినూనె తాగారు, ఖాదర్ వలీ చెబితే కొర్రలు, అరికల కోసం కిరాణా కొట్ల ముందు నిలబడ్డారు. మన మామూలు భోజనం మీద మనకే నమ్మకం సడలింది. షేకు ఆ ఖాళీలోకే వచ్చింది. నమ్మకం సడలడంలో న్యాయం కూడా ఉంది. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే తేల్చింది. మన క్యాలరీల్లో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని కూడా చెప్పింది. పళ్లెం నిండా సన్నబియ్యం అన్నం, పక్కన రెండు చెంచాల కూర, రాత్రి పదకొండింటికి ఆర్డర్ పెట్టిన బిర్యానీ: ఇది కూడా మామూలు తిండే. మెక్‌కారిసన్ ఎలుకలకి పెట్టిన మద్రాసు భోజనానికి ఇది మరీ దూరమేం కాదు.

పరిశోధనల్లో షేకులు ఎందుకు గెలుస్తున్నాయో ఇక్కడ అర్థమవుతుంది. 2017లో లాన్సెట్‌లో వచ్చిన 'డైరెక్ట్' అనే పేరున్న ట్రయల్‌లో బ్రిటన్‌లో టైప్ 2 షుగర్ ఉన్న 306 మందిని తీసుకున్నారు. సగం మందికి మూడు నుంచి ఐదు నెలలు రోజుకి సుమారు 850 క్యాలరీల షేకులు, సూపులు మాత్రమే ఇచ్చారు. ఏడాదికి వాళ్లలో 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. మామూలు వైద్యం తీసుకున్నవాళ్లలో అది 4 శాతం. రెండేళ్లకి ఆ 46 కాస్తా 36కి తగ్గింది. అయినా చిన్న విషయం కాదు. అయితే అక్కడ పనిచేసింది బరువు తగ్గడం. పొడి చేసిన మేలు లెక్క తప్పనివ్వకపోవడమే. ఇంకొకటి కూడా చూడాలి. మీల్ రీప్లేస్‌మెంట్ల మీద, అంటే భోజనం బదులు తీసుకునే ఇలాంటి వాటి మీద, జరిగిన 23 పరిశోధనలని 2019లో కలిపి చూస్తే, వేరే డైట్లు చేసినవాళ్లకంటే వీటితో ఏడాదికి సగటున అదనంగా తగ్గింది కిలోన్నర కూడా లేదు. గోడ మీద ఫోటోలు ఈ సంగతి చెప్పవు.

బరువు సంగతి పక్కన పెట్టి, ఆరోగ్యంగా ఉన్న మనిషికి పప్పన్నం బదులు పొడి మంచిదా అని అడిగితే, అవుననడానికి నాకు ఆధారం కనిపించలేదు. పొడిలో కొలిచి వేసేవి మనకి పేరు తెలిసిన పోషకాలే. ఆకుకూరలోని పీచు, పులిసిన పెరుగు, నమలడానికి పట్టే సమయం డబ్బాలోకి రావు. తాగేసిన క్యాలరీలు నమిలిన క్యాలరీలంత కడుపు నింపవు. ప్రొటీన్ కోసం భయపడాల్సిన పని కూడా పెద్దగా లేదు. ఐసీఎంఆర్ 2020 లెక్కల ప్రకారం 65 కిలోల మగమనిషికి రోజుకి 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి సుమారు 46 గ్రాములు చాలు. రెండు పూటలా గట్టి పప్పు, రెండు గుడ్లు, పాలో పెరుగో, అన్నమో జొన్నరొట్టో ఉంటే ఇంచుమించు అందిపోతుంది. మన ఇళ్లల్లో పప్పు పలుచనైపోవడమే అసలు చిక్కు. దానికి వేల రూపాయల డబ్బా అక్కర్లేదు.

2024లో ఈ పొడుల చుట్టూ గట్టి రచ్చే జరిగింది. 'హెల్త్ డ్రింక్' అనే మాటకి మన ఆహార చట్టంలో నిర్వచనమే లేదని తేలడంతో, ఆ పేరు కింద ఇలాంటి పానీయాలు అమ్మొద్దని ఏప్రిల్‌లో కేంద్రం ఆన్‌లైన్ కంపెనీలకి చెప్పింది. హార్లిక్స్ కంపెనీ కూడా తన పానీయాల వర్గం పేరులోంచి 'హెల్త్' అనే మాట తీసేసింది. అదే నెలలో కేరళ డాక్టర్ల పరిశోధన ఒకటి వచ్చింది. దేశంలో అమ్ముడవుతున్న 36 ప్రొటీన్ పొడుల్లో దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రొటీన్ లెక్క తప్పని తేల్చింది. మే నెలలో ఎన్ఐఎన్ కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదలచేస్తూ, కండ పెంచడానికని ప్రొటీన్ పొడులు వాడొద్దని చెప్పింది. అర్ధ శతాబ్దం కిందట గోపాలన్ అదే ఆవరణ నుంచి చెప్పింది కూడా ఇంచుమించు ఇదే.

డైరెక్ట్ ట్రయల్ గురించి చెప్పేవాళ్లు వదిలేసే విషయం ఒకటుంది. అందులో షేకులు మొదలుపెట్టిన రోజే షుగర్, బీపీ మాత్రలు ఆపేశారు. నర్సులు, డైటీషియన్లు క్రమం తప్పకుండా చూస్తూ వచ్చారు. మాత్రలు ఆపకుండా తిండి ఒక్కసారిగా 850 క్యాలరీలకి దించితే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లకి ఇది మరీ ఎక్కువ. క్రియాటినిన్ పెరిగి కిడ్నీ డాక్టరు ప్రొటీన్ తగ్గించమన్నవాళ్లకి ప్రొటీన్ ఎక్కువుండే ఈ పొడులతో ఇబ్బంది ఇంకో రకంగా వస్తుంది. షుగర్, బీపీ ఇంత ఎక్కువగా ఉన్న నగరంలో బరువు మిషను ఎక్కించే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఏ మాత్రలు వాడుతున్నారు' అన్నదే. కోచ్ అడగకపోతే మనమే చెప్పాలి, అంతకంటే ముందు ఆ మాత్రలు రాసిన డాక్టరుని అడగాలి.