శత్రువుకు మన సైన్యం లెక్క చెప్పడమా? సైనిక పారదర్శకతపై అపోహలు – వాస్తవాలు

ఆయుధ నియంత్రణ ఒప్పందాల అమలు, తనిఖీలు నా వృత్తి. ఈ మాట చెప్పగానే ఎవరైనా అడిగేది ఒకటే: మన బలం ఎంతో అవతలివాడికి మనమే ఎందుకు చెప్పాలి? ప్రశ్నలో తప్పేమీ లేదు. దానికి చుట్టూ అల్లుకున్న అపోహలే చాలా ఉన్నాయి.

అపోహ: పారదర్శకత అంటే రహస్యాలు అప్పగించడం.

ఏది చెప్పాలో, ఏది చెప్పనక్కర్లేదో ముందే బేరమాడి రాసుకుంటారు. ఐరోపా భద్రత, సహకార సంస్థ సభ్యదేశాలు పాటించాల్సిన వియన్నా పత్రాన్ని చూడండి. 1990లో పుట్టింది, 2011లో చివరిసారి సవరించారు. దాని ప్రకారం ప్రతి దేశం ఏటా డిసెంబరు 15లోపు తన సైన్యం వివరాలు మిగతా దేశాలకు పంపాలి. బ్రిగేడ్, రెజిమెంట్ స్థాయి వరకు ఏ దళం ఎక్కడుంది, ఎంతమంది సిబ్బంది, ఎన్ని ట్యాంకులు, ఎన్ని సాయుధ శకటాలు, ఎన్ని శతఘ్నులు అన్నవి అందులో ఉంటాయి. యుద్ధ ప్రణాళికలు, సంకేత లిపులు, నిఘా వ్యవస్థలు ఉండవు. తనిఖీకి వచ్చినవాళ్లను సున్నితమైన స్థలాల్లోకి రానివ్వకుండా ఆపే హక్కు కూడా ఆతిథ్య దేశానికి ఉంది.

పంపే వివరాల్లో చాలా భాగం అవతలి గూఢచారి సంస్థలకు ఎలాగూ తెలిసే ఉంటుంది. తేడా ఏమిటంటే, గూఢచారి తెచ్చిన సంఖ్యను పట్టుకుని మీరు అవతలి దేశాన్ని బహిరంగంగా నిలదీయలేరు. ఆ దేశమే సంతకం చేసి పంపిన సంఖ్యతో నిలదీయవచ్చు.

అపోహ: ముందు నమ్మకం కుదరాలి, ఆ తర్వాతే పారదర్శకత.

నేను ఎక్కువగా వాదించాల్సి వచ్చేది దీనిమీదే. చరిత్ర దాదాపు ఎప్పుడూ దీనికి తలకిందులుగానే నడిచింది.

1975 నాటి హెల్సింకి ఒప్పందంలో 25,000 మందికి మించిన సైనిక విన్యాసాల గురించి 21 రోజుల ముందు చెప్పాలన్న నియమం పెట్టినప్పుడు ఐరోపా రెండు సైనిక కూటములుగా చీలి ఉంది. 1986లో స్టాక్‌హోమ్‌లో ఆ గడువును 42 రోజులకు పెంచారు, సైనికుల పరిమితిని 13,000కు తగ్గించారు. అంతకన్నా పెద్ద మార్పు, మరో దేశం తనిఖీ అడిగితే కాదనే హక్కు లేకుండా చేయడం. మరుసటి ఏడాదే అమెరికా అధికారులు మిన్స్క్ దగ్గర సోవియట్ విన్యాసాలను తనిఖీ చేశారు. అప్పటికి రెండు దేశాల మధ్య స్నేహం ఏమీ వెల్లివిరియలేదు.

భారత్, పాకిస్తాన్‌ల సంగతీ ఇంతే. పరస్పరం అణు కేంద్రాలపై దాడి చేయకూడదన్న ఒప్పందం మీద 1988 డిసెంబరు 31న సంతకాలు చేశాయి. దాని ప్రకారం 1992 నుంచి ఏటా జనవరి 1న తమ అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ యుద్ధం తర్వాత వచ్చిన జనవరిలోనూ ఇచ్చుకున్నాయి. 2001 డిసెంబరులో పార్లమెంటుపై దాడి జరిగి సరిహద్దుకు రెండు సైన్యాలూ చేరిన సమయంలోనూ ఇచ్చుకున్నాయి. అమెరికా, సోవియట్ యూనియన్ 1988లో కుదుర్చుకున్న ఖండాంతర క్షిపణి ప్రయోగాల ముందస్తు సమాచార ఒప్పందం మరో ఉదాహరణ. 2023లో అణ్వాయుధాల సంఖ్యకు పరిమితి పెట్టే 'న్యూ స్టార్ట్' ఒప్పందాన్ని నిలిపేస్తున్నట్టు ప్రకటించినప్పుడు కూడా ఆ పాత ఒప్పందాన్ని పాటిస్తామని రష్యా చెప్పింది. ఇందులో ప్రేమ లేదు, లెక్క ఉంది. తమ పరీక్షా ప్రయోగాన్ని అవతలివాడు దాడిగా పొరబడితే ముందుగా నష్టపోయేది తామే.

వీటన్నిటినీ విశ్వాస నిర్మాణ చర్యలు అంటున్నాం. పేరు చూసి విశ్వాసం పుట్టుకొస్తుందని ఆశపడితే నిరాశ తప్పదు. చేతికొచ్చేది అంతకన్నా చిన్నది: అవతలివాడి మామూలు ప్రవర్తన ఎలా ఉంటుందో తెలుస్తుంది. మామూలు తెలిస్తేనే తేడా కనబడుతుంది.

అపోహ: ఉపగ్రహాలు అన్నీ చూస్తున్నాయి, ఈ కాగితాలు ఎందుకు?

2021 చివర్లో ఉక్రెయిన్ సరిహద్దుకు చేరుతున్న రష్యా బలగాల ఉపగ్రహ చిత్రాలు వార్తాపత్రికల్లోనే వచ్చాయి. ట్యాంకులు అందరికీ కనిపించాయి. అమెరికా దండయాత్ర తప్పదంది. ఐరోపాలో చాలామంది బెదిరింపు మాత్రమే అన్నారు. చిత్రంలో ట్యాంకు ఉంటుంది, ఉద్దేశం ఉండదు.

సొంత ఉపగ్రహాలు లేని దేశాల సంగతి వేరే. 1992లో సంతకాలై 2002లో అమల్లోకి వచ్చిన ఓపెన్ స్కైస్ ఒప్పందం వాళ్లకే ఎక్కువ ఉపయోగపడింది. 72 గంటల ముందు చెప్పి, అవతలి దేశం మీదుగా నిరాయుధ విమానంలో, ఆతిథ్య దేశపు అధికారులను పక్కనే కూర్చోబెట్టుకుని ఫొటోలు తీస్తారు. ఆ ఫొటోల నకళ్లు సభ్యదేశాల్లో ఎవరైనా తీసుకోవచ్చు. ఒక అగ్రరాజ్యం తన ఉపగ్రహ చిత్రాన్ని మీకు చూపిస్తే, ఏది చూపించాలో ఎంచుకున్నది అదేనని గుర్తుంచుకోవాలి. ఇక్కడ ఆ బెడద లేదు. ఈ ఆలోచనను అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1955లోనే తెస్తే సోవియట్ యూనియన్ తోసిపుచ్చింది. ఒప్పందం అమల్లోకి వచ్చి ఇరవై ఏళ్లు నిండకముందే 2020లో అమెరికా, 2021లో రష్యా బయటికి వెళ్లిపోయాయి. నా దృష్టిలో ఇది రెండు దేశాలూ చేసిన తెలివితక్కువ పని.

అపోహ: దాచే దేశం దాడికి సిద్ధమవుతున్నట్టే.

కొన్నిసార్లు బలం దాస్తారు, కొన్నిసార్లు బలహీనత దాస్తారు. సామూహిక విధ్వంస ఆయుధాల విషయంలో ఇరాక్ నేత సద్దాం హుస్సేన్ చివరిదాకా అనుమానానికి తావిచ్చాడు. ఇరాన్‌కు తన బలహీనత తెలియకూడదన్నది అందుకు ఒక కారణమని 2003 ఇరాక్ యుద్ధం తర్వాత జరిగిన దర్యాప్తుల్లో బయటపడింది. మూసిన గుప్పిట అతన్ని కాపాడలేదు. అందులో ఏదో ఉందని అవతలివాళ్లు నమ్మేశారు. ఐక్యరాజ్యసమితి 1991లో ప్రారంభించిన సంప్రదాయ ఆయుధాల రిజిస్టరుకు వివరాలు పంపని దేశాన్ని చూసి తొందరపడి తీర్పు చెప్పకండి. అక్కడ కుట్ర లేకపోవచ్చు, ఆ పని చూసే గుమాస్తా లేకపోవచ్చు.

అపోహ: ఎర్ర టెలిఫోను ఎత్తితే చాలు.

అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య 1963లో ఏర్పాటైన హాట్‌లైన్‌లో అసలు టెలిఫోనే లేదు. అది టెలిప్రింటర్. మాటలో అపార్థం దొర్లవచ్చు, రాతను నింపాదిగా చదివి అనువదించుకోవచ్చు అన్నది ఆలోచన.

అపోహ: ముందుగా తెలియజేస్తే బాధ్యత తీరినట్టే.

1995 జనవరి 25న ధ్రువకాంతులను పరిశోధించే రాకెట్‌ను నార్వే నుంచి ప్రయోగించారు. రష్యాతో సహా పలు దేశాలకు వారాల ముందే సమాచారం ఇచ్చారు. ఆ కబురు రష్యా రాడార్ సిబ్బందికి చేరలేదు. రాకెట్ తెరపై కనపడగానే అణుదాడి కావచ్చని హెచ్చరిక మోగింది, రష్యా అధ్యక్షుడు యెల్ట్‌సిన్ ముందు అణుదాడికి ఆదేశమిచ్చే బ్రీఫ్‌కేసు తెరిచారు. పంపినవాడి తప్పు లేదు. అందుకున్న శాఖ నుంచి రాడార్ గది దాకా ఎవరు మోసుకెళ్లాలన్నదే ఎవరూ చూసుకోలేదు. ఒప్పందం రాసేటప్పుడు ఈ ఇంటి లోపలి దారి గురించి ఎవరూ అడగరు. అడగాలి.

తెలియజేసే పద్ధతిలోనూ గడుసుతనం ఉంటుంది. వియన్నా పత్రం ప్రకారం 9,000 మందికి చేరితే విన్యాసాల గురించి ముందే చెప్పాలి, 13,000కు చేరితే పరిశీలకులను పిలవాలి. 2017 నాటి 'జాపద్' విన్యాసాల్లో 12,700 మంది పాల్గొంటారని రష్యా, బెలారుస్ ప్రకటించాయి. పాశ్చాత్య దేశాల అంచనాలు దానికి ఎన్నో రెట్లు. పెద్ద విన్యాసాన్ని చిన్న ముక్కలుగా చూపించడం, దళాలకే ముందు చెప్పకుండా హఠాత్తుగా మొదలుపెట్టి, అలాంటి విన్యాసాలకు ముందస్తు సమాచారం నుంచి ఉన్న మినహాయింపు వాడుకోవడం ఈ రంగంలో అందరికీ తెలిసిన ఎత్తులు. గీత ఎక్కడ గీస్తే దానికి ఒక అడుగు ఇవతల అంకెలు ఆగుతాయి.

అపోహ: 2022లో ఉక్రెయిన్‌పై యుద్ధం ఆగలేదు కాబట్టి ఇవన్నీ వృథా.

యుద్ధం చేయాలని నిశ్చయించుకున్న ప్రభుత్వాన్ని ఏ ఫారమూ ఆపలేదు. ఆపుతుందని మా రంగంలో బాధ్యతగలవారెవరూ మాట ఇవ్వలేదు. ఇవి ఆపగలిగేది పొరపాటున జరిగే యుద్ధాన్ని. అయితే 2022లో కూడా వియన్నా పత్రం పనికిరాకుండా పోలేదు. అసాధారణ సైనిక కదలికలపై వివరణ అడిగితే 48 గంటల్లో జవాబివ్వాలన్న నిబంధనను ఉక్రెయిన్ ఫిబ్రవరిలో ఉపయోగించింది. రష్యా జవాబివ్వలేదు. విన్యాసాలే అయితే ఒక పేజీలో తేలిపోయే జవాబు అది.

అపోహ: ఉన్న ఒప్పందాలు అన్నిటికీ వర్తిస్తాయి.

2022 మార్చి 9న భారత్ నుంచి ఒక క్షిపణి పొరపాటున దూసుకెళ్లి పాకిస్తాన్‌లోని మియాన్ చన్నూ దగ్గర పడింది. ప్రాణనష్టం జరగలేదు. సాంకేతిక లోపం వల్ల జరిగిందని భారత్ 11న ప్రకటించింది. వెంటనే ఎందుకు చెప్పలేదని పాకిస్తాన్ ఆక్షేపించింది. క్షిపణి పరీక్షలకు ముందు ఒకరికొకరు చెప్పుకోవాలన్న ఒప్పందం 2005 నుంచి ఉంది, కానీ అది పైకెగసి కిందికి పడే బాలిస్టిక్ క్షిపణుల పరీక్షలకే. ఆ రోజు పడింది విమానంలా ఎగిరే క్రూయిజ్ క్షిపణి, పైగా పరీక్ష కూడా కాదు. క్రూయిజ్ క్షిపణులనూ అందులో చేర్చాలన్న మాట ఎప్పటినుంచో వినబడుతూనే ఉంది. ఇంకా చేరలేదు.