చెడ్డవాళ్ళ జెండా అంత బాగుంటుందేం?

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్ళకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం నుంచి తిరిగి వస్తున్నప్పుడు మీలో చిన్నవాడు నన్నొక ప్రశ్న అడిగాడు. వాడి నల్ల చొక్కా మీద తెల్లని చక్రం ఒకటి అచ్చువేసి ఉంది. స్టార్ వార్స్ సినిమాల్లో గ్రహాలన్నింటినీ అణచి ఏలే సామ్రాజ్యానికి అది ముద్ర అని పెద్దమ్మాయి నాకు చెప్పింది. "తాతయ్యా, చెడ్డవాళ్ళ గుర్తు మంచివాళ్ళ గుర్తు కన్నా ఎందుకు బాగుంటుంది?" అన్నాడు వాడు. ఆ జనంలో, ఆ డప్పుల మోతలో నేనేం చెప్పినా వినపడేది కాదు కనుక ఇప్పుడు తీరికగా రాస్తున్నాను.

వాడన్నది నిజమే. ఆ గుర్తు బాగుంటుంది, బాగుండాలనే దాన్ని గీశారు. అయితే అటువంటి గుర్తును చదవాలంటే ముందు దాని ఆకారాన్ని కాక, అది చేసే పనిని చూడాలి. ఈ మాట నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు, మా కళ్ళంలోని ధాన్యపు రాశి నేర్పింది.

నా చిన్నతనంలో మా నాన్నగారు కౌలుకు వ్యవసాయం చేసేవారు. సార్వా కోతలయ్యాక కుప్ప నూర్చి, తూర్పారబట్టి, ధాన్యాన్ని కళ్ళంలో రాశి పోసేవారు. భాగాలు కొలిచేదాకా అందులోంచి గుప్పెడు గింజలైనా తీయడానికి వీల్లేదు. భూస్వామి కాకినాడలో ఉండేవాడు. నేనాయన్ని ఎన్నడూ చూడలేదు. సాయంత్రం పూట ఆయన మనిషి ఒకడు కొయ్యముద్ర చేతపట్టుకుని వచ్చి, రాశి చుట్టూ అక్కడక్కడ తడిమట్టి ముద్దలు పెట్టి, ఒక్కొక్క ముద్ద మీద ఆ ముద్రను అద్ది వెళ్ళిపోయేవాడు. ముద్ర చెదిరిందంటే ధాన్యం పోయినట్టు లెక్క. పండించింది మేమే, కాపలా పడుకునేదీ మేమే, అయినా ఆ మట్టి ముద్దల దగ్గరికి వెళ్ళాలంటే నాకు కాళ్ళాడేవి కావు. రాత్రి గోనెపట్టా మీద నాన్నగారి పక్కన పడుకుని, లాంతరు వెలుగులో ఆ ముద్రల్ని ఒక్కొక్కటే చూస్తూ నిద్రపోయేవాణ్ణి. కోళ్ళకు మాత్రం ఆ భయం లేదు. అవి తెల్లవారగానే వచ్చి రాశిని ముద్రతో సహా కెలికేస్తుంటే, మా అమ్మ వాటిని పట్టి బుట్ట కింద మూసిపెట్టేది.

ఇప్పుడు మీ సినిమాకు వస్తాను. 1977లో వచ్చిన మొదటి చిత్రంలో ఆ సామ్రాజ్యపు చక్రవర్తి ఒక్కసారైనా తెర మీద కనిపించడు, అతని ప్రస్తావన మాత్రం వస్తుంది. కాకినాడ భూస్వామి మా కళ్ళానికి రావలసిన అవసరం ఎలా లేదో, ఈ చక్రవర్తి తెర మీదికి రావలసిన అవసరమూ అలాగే లేదు. ముద్ర పడితే చాలు. ఒక్క ముద్రతో రాశికి కాపలా కుదరదు గనుక చుట్టూ వేస్తారు. ఇక్కడ ఆ పనిని సామ్రాజ్యపు సైనికుల ఒకే రకం తెల్ల కవచాలు, ఒకే రకం ముసుగులు, బూడిదరంగు గోడలు, గీత గీసినట్టుండే ఓడలు చేస్తున్నాయి. ఈ పోలికను ఇంకాస్త లాగుతాను, ఓపిక పట్టండి. మా ఊళ్ళో ముద్ర ధాన్యానికే వేసేవారు; ఆ కథలో మనుషులకే వేశారు. ముసుగు కింద ఎవరున్నారో మనకు తెలియదు, తెలియకూడదనే ఆ ముసుగు పెట్టారు. పైగా ఆ సైనికుల ఇంగ్లీషు పేరు స్టార్మ్‌ట్రూపర్లు; మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ దాడిదళాలకు ఉన్న పేరే అది. ఆ చిత్రానికి దుస్తులు రూపొందించి ఆస్కార్ అందుకున్న జాన్ మోలో సైనిక దుస్తుల చరిత్రను క్షుణ్ణంగా చదివినవాడు. కాబట్టి మీకు కలిగే ఆ జంకు గాలిలోంచి వచ్చింది కాదు, చరిత్రలోంచి ఏరి తెచ్చింది.

మన పాత కథల్లో ఎదుటి పక్షం ఇలా ఉండేది కాదు. తిక్కనగారి విరాటపర్వంలో అర్జునుడు రథం మీద నుంచి ఉత్తరుడికి కౌరవసేనను చూపిస్తూ, ఎవరి జెండా ఏదో చెబుతాడు. ద్రోణుడిది బంగారు వేదిక, అశ్వత్థామది సింహపు తోక, కృపుడిది ఎద్దు, కర్ణుడిది శంఖం, దుర్యోధనుడిది మణులు పొదిగిన పాము, భీష్ముడిది తాటిచెట్టు. మీ నాన్న చిన్నప్పుడు ఈ పద్యాన్ని మా అరుగు మీద కూర్చుని అప్పజెప్పేవాడు, ఇప్పుడు అడిగితే రెండో పాదం దగ్గర ఆగిపోతాడు. జెండాను చూస్తే మనిషి తెలిసేవాడు. అధర్మపక్షాన నిలబడినా వాడికొక పేరూ ఒక గుర్తూ ఉండేవి; చచ్చిపోతే ఏడవడానికి మనకు వీలుండేది. జగ్గన్నతోటకు వచ్చిన ప్రభలూ అంతే కదా, ఏ ఊరి ప్రభ ఆ ఊరిదేనని దూరం నుంచే గుర్తుపట్టారు మీరు. ముసుగు సైనికులు గుంపులుగా పడిపోతుంటే మీలో ఒక్కరికీ కన్ను చెమర్చదు. దానికి మిమ్మల్ని తప్పుపట్టను గాని, ఒకసారి ఆలోచించమంటాను.

ఇక ఆకారం సంగతి. ఏ ఆకారమూ పుట్టుకతో చెడ్డది కాదు. మీ నాయనమ్మ పసుపు రాసిన గడప మీద కుంకుమతో స్వస్తిక్ వేస్తుంది. ఆ గుర్తునే 1920లో హిట్లర్ పార్టీ ఎత్తుకుపోయి, ఎర్రని బట్ట మీద తెల్లని గుండ్రని బిళ్ళ వేసి, అందులో నల్లగా, ఏటవాలుగా నిలబెట్టింది. 1935లో అదే జర్మనీ జాతీయ జెండా అయింది. ఆ జెండా కింద లక్షలాది మంది చచ్చారు గనుక ఈనాటికీ ఐరోపాలో దాన్ని చూస్తే జనం ఉలిక్కిపడతారు. మన గడప మీది గుర్తు ఏ పాపమూ ఎరగదు. నలుపూ ఎరుపూ కూడా అంతే. ఆ సినిమాల్లో ఎర్ర కత్తి చెడ్డవాడి చేతిలో ఉంటుంది, మన ఇంట్లో ఎరుపు ముత్తైదువ నుదుట ఉంటుంది.

చిన్నవాడి చొక్కా మీది చక్రంలోనే ఇంకొక రహస్యం ఉంది. సామ్రాజ్యం రాకముందు అక్కడ గణతంత్రం ఉండేది, దాని చిహ్నమూ చక్రమే, అందులో ఎనిమిది ఆకులు (చువ్వలు). సామ్రాజ్యం వచ్చాక ఆ చక్రంలో మిగిలినవి ఆరు. 2005లో వచ్చిన చిత్రంలో గణతంత్రం సామ్రాజ్యంగా మారే రోజున దాని సభలోని సభ్యులు లేచి చప్పట్లు కొడతారు. దుర్మార్గం కొత్త గుర్తును నెత్తిన పెట్టుకుని రాలేదన్నమాట. అందరూ నమ్మిన పాత గుర్తునే కాస్త చెక్కుకుని వచ్చింది. నాకు ఆ కథ మొత్తంలో అన్నిటికన్నా భయం పుట్టించింది ఇదే, కత్తులూ పేలుళ్ళూ కావు.

ఆ సామ్రాజ్యం తరఫున పోరాడే నల్ల ముసుగు వేడర్ గురించి ఒక్క ముక్క. అతని రూపాన్ని మొదట గీసిన చిత్రకారుడు రాల్ఫ్ మెక్‌క్వారీ. కథలో వేడర్ గాలి లేని చోట ఒక ఓడ నుంచి మరొక ఓడకు దాటవలసి ఉంది గనుక, ఊపిరి కోసం ముసుగు పెట్టాడు. తలమీది తొడుగులో జపాన్ సమురాయ్ యోధుల శిరస్త్రాణం పోలిక కనిపిస్తుంది. ఊపిరి కోసం పుట్టిన వస్తువే ప్రపంచమంతా జడుసుకునే ముఖమైంది. 1983 నాటి చిత్రం చివర ఆ ముసుగు తీసినప్పుడు లోపల పాలిపోయిన ముసలివాడు కనిపించాడు. అప్పుడు మీ నాయనమ్మ "అయ్యో పాపం" అంది. ముద్రకు జడవని మా కోళ్ళు చేసిన పనే అది.

చొక్కా తొడుక్కోవద్దని నేననను. ఉతికి ఆరేసేటప్పుడు దాన్నొకసారి నింపాదిగా చూడమంటాను, అంతే.

చివరిగా మీకొక పని. 1934లో న్యూరెంబర్గ్‌లో నాజీలు జరిపిన మహాసభను ప్రచారచిత్రంగా తీశారు. అందులో బారులు తీరిన వేలాది మంది మధ్య నుంచి ముగ్గురు నడిచి వెళ్ళే దృశ్యం ఉంది. 1977 నాటి చిత్రం ముగింపులోనూ బారులు తీరిన సైనికుల మధ్య నుంచి ముగ్గురు నడిచి వెళతారు, కాని అక్కడ నడిచేదీ నిలబడేదీ మంచివాళ్ళు. రెంటికీ ఉన్న పోలికను చాలామంది గమనించారు. అలా ఎందుకు తీశారో నేను చెప్పను. పెద్దమ్మాయి ఆ రెండు దృశ్యాలనూ పక్కపక్కన పెట్టి, శబ్దం ఆపి అందరికీ చూపించాలి. వరుసల్లో నిలబడ్డవాళ్ళలో ఎందరి ముఖాలు మీకు కనిపించాయో, ఆ రెంటిలో తేడా ఎక్కడుందో చూసి, ఎవరికి తోచింది వాళ్ళు విడివిడిగా నాకు రాయండి.

మీ తాతయ్య